అభ్యర్థిగారి సాక్ష్యం

విమలకుమారి ఎనిమిదింటికల్లా వస్తానంది. నైట్ డ్యూటీ దిగి, యూనిఫారం కూడా మార్చుకోకుండా హాస్పిటల్ నుంచి సరాసరి ఈ స్కూలుకే వచ్చి, రత్నరాజు చేతిలోంచి ఒక నమూనా బ్యాలెట్ అందుకుని, లోపల పిల్లలు బంతులాడుకునే హాల్లోకి వెళ్లి, ఈ దేశంలో తన మొదటి ఓటు వేస్తుందట. మీ చేతి కాగితం లేకుండా లోపలికి అడుగుపెట్టను అన్నయ్యగారూ అని నిన్న ఫోన్లో నవ్వుతూ చెప్పింది. ఇప్పుడు ఏడు దాటి అయిదు నిమిషాలు. ఇంకా యాభై అయిదు నిమిషాలుంది, తక్కువేమీ కాదు, ఆ టైములో మనిషన్నవాడు ఈ హెర్న్‌డన్‌లో కారెక్కి వాషింగ్టన్‌లో దిగొచ్చు, కానీ రత్నరాజుకి ఒక్క వాక్యం కుదరడం లేదు, నాలుగు వారాలుగా కుదరడం లేదు. అమ్మా విమలా, ఆ ఉత్తరం సంగతి. అక్కడిదాకా బాగానే వస్తుంది. ఆ తర్వాత ముందుకి సాగదు. పోనీ ఉత్తరం అనకుండా మొదలుపెడితే? విమలా, మనుషులం, పొరపాట్లు చేస్తాం. ఛ, ఇది మరీ అన్యాయం, తప్పుని పట్టుకుని పొరపాటు అనడం రాజకీయ నాయకుల పని, ఆ మాట వాళ్ల నోట విన్నప్పుడల్లా తనకి ఒళ్లు మండిపోదూ?

చేతిలో కాగితాల కట్ట, కట్ట మీద ఆ పెద్దమనిషి ఫోటో. ఆగస్టులో పార్టీ ఆయన్ని అధ్యక్ష పదవికి అభ్యర్థిగా నిలబెట్టినప్పటినుంచీ ఈ మొహాన్ని చూస్తూనే ఉన్నాడు, టీవీలో, పేపర్లో, పోస్టులో వచ్చే రంగు కాగితాల మీద, ఇదిగో ఇప్పుడు తన బొటనవేలి కింద. ఆ నవ్వు మీద నమ్మకం కుదిరితే ఒట్టు. ఎనిమిదేళ్లు ఆ ముసలి అధ్యక్షుడి వెనకాల గొడుగు పట్టుకుని నిలబడ్డ ఉపాధ్యక్షుడు, ఇప్పుడు గొడుగు కిందికి తనే వస్తానంటున్నాడు, మంచిదే, ఎవరైనా రావాల్సిందే. కానీ కడుపులో బిడ్డని తీయించుకునే విషయంలో ఈయన ఒకప్పుడు మాట్లాడిన మాటేమిటి, ఉపాధ్యక్ష పదవి చేతికందాక మాట్లాడిన మాటేమిటి? మనుషులు మారతారు, మారాలనే గదా ఆదివారం ఆదివారం తను గొంతు చించుకునేది. అయితే మారిన మనిషి మొహంలో ఎక్కడో ఒక దెబ్బ తగిలిన గుర్తుంటుంది. ఈయన మొహంలో ఏదీ, వెతికితే దొరకదే. పన్నులు పెంచను, కావాలంటే నా పెదాలు చూసుకోండి అన్నాడు ఆ పెద్ద సభలో. పెదాలు చూడమన్నవాడి కళ్లు చూడాలి. రత్నరాజు కుర్చీ టీవీ దగ్గరికి జరుపుకుని మరీ చూశాడు, ఆ కళ్లు ఎవరో రాసిచ్చింది చదువుతున్నట్టే ఉన్నాయి గానీ తనతో మాట్లాడుతున్నట్టు లేవు.

ఈ అనుమానం ఇవాళ్టిది కాదు. కౌంటీ వాళ్ల నీళ్ల ల్యాబులో పద్నాలుగేళ్ల సర్వీసు. రోజూ సీసాల్లో నీళ్లొస్తాయి, బావులవి, రిజర్వాయర్లవి, స్కూళ్ల కుళాయిలవి, అన్నీ తేటగానే ఉంటాయి, ఆ తేటదనాన్ని నమ్మకపోవడమే రత్నరాజు ఉద్యోగం. గాజు పళ్లెంలో పోసి ఒక రోజంతా వెచ్చగా ఉంచితే, నిన్న కంటికి ఏమీ కనిపించని చోట ఇవాళ చుక్కలు చుక్కలుగా లేస్తాయి. నన్ను చేసుకునే ముందు కూడా ఒక రోజు వెచ్చగా పెట్టి చూసే ఉంటారు ఈయన అని శాంతి ఇంటికొచ్చినవాళ్ల ముందు ఆటపట్టిస్తుంది. అందరూ నవ్వుతారు, ఆయనా నవ్వుతాడు, నవ్వుతూనే మంచినీళ్ల గ్లాసు కాస్త వెలుతురుకెత్తి చూస్తాడు. ఇరవై ఆరేళ్ల కాపురంలో శాంతి ఒక్క అబద్ధం ఆడినట్టు ఆయనకి దొరకలేదు. అదీ ఒక అనుమానమే, దొరకలేదంటే లేదనా, దాచడం బాగా వచ్చుననా? ఇదుగో, ఇలా ఉంటుంది ఈ బుర్ర. చలికి కాళ్లు మొద్దుబారుతున్నాయి, ఏడూ పదకొండు.

పక్కన డోరతీ ఫ్లాస్కు మూత తీసి కాఫీ పోసిచ్చింది. డెబ్బై ఏళ్ల ముసలమ్మ, బాప్టిస్టు, ఈయన్ని రాజ్ అని పిలుస్తుంది. గుమ్మానికి నలభై అడుగుల ఇవతల నిలబడి కాగితాలు పంచడం ఇద్దరి పని. మార్చిలో పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఓటింగప్పుడు కూడా ఇలాగే నిలబడ్డారు, అప్పుడు మాత్రం మనవాడి కోసం. మనవాడంటే ఆ టీవీలో ప్రసంగాలు చేసే బోధకుడు, అధ్యక్ష పదవికి నిలబడ్డాడని తెలిసిన రోజు డోరతీ కళ్లనీళ్లు పెట్టుకుంది, ఇన్నాళ్లకి ప్రార్థన చేసే మనిషి మన తరఫున నిలబడ్డాడు రాజ్ అంది. ఆ చలికాలమంతా ఇద్దరూ తలుపు తలుపూ తట్టారు. తన గోధుమరంగు మొహం చూసి సగం తలుపులు గొలుసు తీయకుండానే తెరుచుకున్నాయి, అప్పుడు డోరతీ ముందుకు జరిగేది. ఇంత చేస్తే మార్చి రాత్రి లెక్కలు వచ్చేసరికి మనవాడు లేడు. ఆ తర్వాత పార్టీ వాళ్లు ఎంత మర్యాదగా ఫోన్ చేశారనీ! మీ లిస్టులు కావాలి, మీ వాలంటీర్లు కావాలి, ఇప్పుడు మనమంతా ఒకటే. ఎప్పుడూ ఇంతే, మన చేత కుర్చీలు వేయిస్తారు, వేశాక వాళ్లు కూర్చుంటారు. ఈ మాట డోరతీతో అంటే ఆమె కాదనలేదు, కాఫీ మూత బిగించుకుంటూ, ఇంకెవరున్నారు రాజ్ అని మాత్రం అంది. ఇవాళ పొద్దున్న కూడా అదే మాట అంది, ఏదో పక్కింటి ఆడపడుచు గురించి చెప్పినంత మామూలుగా.

దిగిపోతున్న ఆ ముసలాయన మాటేమిటి మరి? ఆదివారాలు చర్చికి వెళ్లడని పేపర్లన్నీ రాశాయి, రత్నరాజు ఆ పేపర్లనే అనుమానించాడు తప్ప ఆయన్ని అనుమానించలేదు, రెండుసార్లూ కళ్లు మూసుకుని ఓటేశాడు. ఆయన కథ చెబుతుంటే తాతయ్య చెబుతున్నట్టుండేది, అంతే, తాతయ్యని ఎవరు పరీక్ష చేస్తారు? ఆయన్నెందుకు అడగలేదు డాడీ ఈ క్వశ్చన్లన్నీ అని లూసీ ఒకసారి అడిగింది. కాలేజీలో చేరినప్పటినుంచీ దానికి ప్రతిదీ ప్రశ్నే. అడగాల్సిన అవసరం రాలేదు అన్నాడు. అలాగా అంది. ఆ అలాగాలో ఎంత అనుమానముందో, ఆ బుద్ధి ఎవరి దగ్గరనుంచి వచ్చిందో ఆయనకి తెలుసు.

ఏడున్నర. కార్లు పెరిగాయి, ఎవరో కాగితం అందుకున్నారు, ఎవరో వద్దని చెయ్యి ఊపారు. తెలుగు సహవాసం వాళ్లు మొత్తం పదకొండు మంది ఓటర్లు, తొమ్మిది మంది సాయంత్రం ఆఫీసు దిగి వస్తారు, పదో ఓటు తనది, పదకొండోది విమలకుమారిది. ఇరవై ఎనిమిది మందున్న సహవాసం అది, ఆదివారం మూడింటికి తెల్లవాళ్ల చర్చి కింద హాల్లో కూడుకుంటుంది, పైనుంచి వాళ్ల కాఫీ వాసన, కింద వీళ్ల బిర్యానీ వాసన. దానికి పెద్ద రత్నరాజు. ఎవరైనా బాప్తిస్మం కావాలంటే ముందు ఆయన ఎదురుగా నిలబడి సాక్ష్యం చెప్పాలి. ఆయన అడిగేవి మూడే ప్రశ్నలు. ఏ తేదీన మారావు, ఏ చోట, బైబిల్లో ఏ వాక్యం నిన్ను పట్టుకుంది. తణుకులో ఆయన చిన్నప్పుడు సంఘపెద్దలు అడిగేవే, ఆయన కల్పించినవి కావు. ఈ మూడూ చెప్పలేనివాడికి ఏదో అనుభవమైతే అయ్యుండొచ్చు, మారుమనస్సు మాత్రం కాలేదని లెక్క.

ఆమోసు చెప్పలేకపోయాడు. కాకినాడ వైపు కుర్రాడు, ముప్పై ఏళ్లు దాటలేదు, ఇక్కడ ఒక కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. మూడుసార్లు నిలబెట్టాడు వాణ్ణి, మూడోసారి ముప్పావుగంట. తేదీ అని ఏమీ లేదండీ బ్రదర్ గారూ, మెల్లగా వచ్చింది, తెల్లారినట్టు, ఎప్పుడు తెల్లారిందంటే ఏం చెప్పను అన్నాడు. మాట బాగానే ఉంది, బాగుండటమే రత్నరాజుకి నచ్చలేదు, ఎవరి దగ్గరో విని నేర్చుకున్న మాట అనిపించింది. ఇంకా ప్రార్థన చేసుకో నాయనా అని పంపేశాడు. వాడు తలూపి, కుర్చీలు మడతపెట్టి, గిన్నెలు కడిగి, ఆ తర్వాతే ఇంటికెళ్లాడు. ఇప్పటికీ ప్రతి ఆదివారం కుర్చీలు వేసేది వాడే.

అలాంటి మనిషి, కుర్రాణ్ణి తేదీ కోసం ముప్పావుగంట నిలబెట్టిన మనిషి, ఈ దేశాన్ని ఏలబోయేవాణ్ణి ఊరికే వదులుతాడా? సెప్టెంబరు మొదటి ఆదివారం భోజనాల దగ్గర మాటొచ్చింది. ఎవరికెయ్యాలి బ్రదర్ అని ఒకరు, పార్టీ మనదే గానీ మనిషి మనవాడేనా అని ఇంకొకరు. విమలకుమారి ఏమీ తినకుండా వింటోంది. ఆమె ఎవర్నీ ఊరికే నమ్మే మనిషి కాదు, గుంటూరు నుంచి నర్సులుగా తీసుకొస్తామన్న ఏజెంటు మాట నమ్మి రెండేళ్లు ముసలివాళ్ల హోములో పక్కలు మార్చింది, ఆనాటినుంచీ మందుసీసా మీద చీటీ కూడా రెండుసార్లు చదువుతుంది. జూలైలో సిటిజన్‌షిప్ వచ్చింది. నాకు ఇంగ్లీషులో వాళ్లు చెప్పేది తలకెక్కదు అన్నయ్యగారూ, ఆయన మారుమనస్సు పొందిన మనిషేనా, అదొక్కటి మీరు కనుక్కుని చెప్పండి, మీ నోటిమాట చాలు అంది. కనుక్కుంటానన్నాడు. ఎలా కనుక్కుంటాడు? సహవాసంలో ఎలా కనుక్కుంటాడో అలాగే. పార్టీ ఆఫీసుకి ఉత్తరం రాశాడు. అయ్యా, అభ్యర్థిగారు ఏ తేదీన, ఏ చోట, ఏ వాక్యం ద్వారా మారుమనస్సు పొందారో దయచేసి తెలియజేయగలరు. లూసీ చేత టైపు చేయించాడు. అది చదివి ఆ పిల్ల చాలాసేపు నవ్వింది. తనకి నవ్వెందుకో అర్థం కాలేదు, ఓటడిగేవాడిని సాక్ష్యం అడగడంలో తప్పేముంది?

అక్టోబరులో జవాబొచ్చింది, శనివారం. ఆయన విప్పలేదు. అందరి ముందూ విప్పుదామని, తన నమ్మకం కూడా అంత గట్టిదని చూపించుకుందామని, కోటు జేబులో పెట్టుకుని మర్నాడు తీసుకెళ్లాడు. బుద్ధి తక్కువ. నీళ్ల సీసా మూత తీయకుండా రిపోర్టు రాసేవాడెవడైనా ఉంటాడా? ప్రార్థన అయ్యాక నిలబడ్డాడు, కవరు చించాడు. ఇరవై ఆరు మొహాలు. లూసీ కీబోర్డు దగ్గర ఎడంపక్క కూర్చునుంది, విమలకుమారి ముందు వరసలో పెన్ను మూత తీసి, ప్రార్థనల నోటుబుక్కు తెరుచుకుని. మిషను అచ్చేసిన ఉత్తరం, మూడు పేరాలు. మీరు చూపిన ఆసక్తికి కృతజ్ఞతలు. కుటుంబం, విశ్వాసం, స్వేచ్ఛ మన పునాదులు. నవంబరు ఎనిమిదిన తప్పక ఓటు వేయండి. కింద ఎవరిదో అర్థంకాని సంతకం. అంతే. ఆయన ప్రశ్న సంగతే లేదు, ఆ ఉత్తరం ఎవరైనా చదివారో లేదో కూడా తెలియదు. ఆ క్షణంలో తల ఎత్తి, ఇందులో ఏమీ లేదర్రా అని ఉంటే సరిపోయేది, ఒక నిట్టూర్పుతో పోయేది. కానీ నోరు అప్పటికే అలవాటు చొప్పున మొదలుపెట్టేసింది. ఈ పెద్దమనిషిగారు ఏమంటున్నారంటే.

ఆ అలవాటు ఎక్కడిదో ఆయనకి తెలుసు. తణుకులో సువార్త సభలకి తెల్లదొర వస్తే, పక్కన నిలబడి జోసఫు మాస్టారు తర్జుమా చేసేవాడు. దొర మంచు గురించి చెప్పేవాడు, మా దేశంలో మంచు పడి దారి మూసుకుపోతుంది, అప్పుడు ఇంటి దీపమే దిక్కు అని. మంచు ఎవరికి తెలుసు? మాస్టారు దాన్ని గోదావరి వరద చేసేవాడు, నడిరాత్రి గట్టు తెగడం, పడవ, పసిబిడ్డ, లాంతరు, దొర రెండు మాటలంటే మాస్టారు పావుగంట. జనం వెక్కి వెక్కి ఏడిస్తే దొర తన మంచుకే ఏడుస్తున్నారనుకుని ఇంకా గట్టిగా చెప్పేవాడు. పన్నెండేళ్ల రత్నరాజు ముందు చాప మీద కూర్చుని ఆ విద్య నేర్చుకున్నాడు. ఇక్కడికొచ్చాక ఏ అమెరికన్ పాస్టరు సహవాసానికి వచ్చినా తర్జుమా తనదే, వాళ్ల ఎండు మాటల్లో కాస్త తడి వేసి అందిస్తే అందరికీ బాగుండేది, అబద్ధమని ఎప్పుడూ అనిపించలేదు. ఎవరికి నష్టం?

ఆ రోజు ఏమి చెప్పాడు? అక్షరం అక్షరం గుర్తుంది, అదే ఖర్మ. ఈ పెద్దమనిషిగారు ఏమంటున్నారంటే, నా ఇరవై ఒకటో ఏట, ఏప్రిల్ నెల పద్నాలుగో తేదీ, మట్టల ఆదివారం సాయంత్రం, ఒక డేరా కింద సభ జరుగుతుంటే నేను వెనకాల నిలబడి నవ్వుకుంటున్నాను. అకాలంగా వాన పట్టుకుంది. జనం లోపలికి తోసుకొస్తే నేనూ ముందుకి నెట్టబడ్డాను, దీపం దగ్గరికి. అప్పుడు ఒక వాక్యం చదివారు, అందులో నా పేరు లేదు, అయినా నన్నే పిలిచినట్టయింది. నేను బురదలో మోకాళ్లూనాను. అంతవరకూ చెప్పేసరికి గొంతు వణికింది. అది వణికించిన వణుకు కాదు. డేరా ఒక్కటే మార్చాడు, నిజానికి అది తాటాకు పందిరి, ఊరు తణుకు పక్కన, సంవత్సరం పంతొమ్మిది వందల యాభై ఏడు, నవ్వుకుంటూ నిలబడ్డవాడు రత్నరాజు. అభ్యర్థిగారి సాక్ష్యం కోసం లోపల తడుముకుంటే చేతికి తనదే దొరికింది, తీసి ఇచ్చేశాడు. విమలకుమారి కళ్లు తుడుచుకుని తేదీ, వాక్యం రాసుకుంది. ఆ పక్కన ఆమోసు, మూడుసార్లు తేదీ చెప్పలేకపోయినవాడు, ఎంతో సంతోషంగా స్తోత్రం అన్నాడు.

కారు పది నిమిషాల దూరం వచ్చింది. అప్పుడు లూసీ, డాడీ, ఆ లెటర్‌లో అది లేదు కదా, నేను నీ పక్కనే ఉన్నాను, చూశాను అంది. నీకు తెలుగు సరిగా అర్థం కాదమ్మా అన్నాడు. అనకూడని మాట, కన్నపిల్లతో అనకూడని మాట. లూసీ కిటికీలోంచి చూస్తూ, "ఇంగ్లీష్ అర్థమవుతుంది డాడీ" అంది. శాంతికి ఆ ఆదివారం డ్యూటీ, సభకి రాలేదు, కానీ విమలకుమారి ఫోన్ చేసి అంతా పూసగుచ్చినట్టు చెప్పేసింది. రాత్రి అన్నం వడ్డిస్తూ శాంతి, "ఏప్రిల్ పద్నాలుగా?" అని ఊరుకుంది. తణుకు సంఘపెద్దలు కాక ఆయన ఆ తేదీ చెప్పుకున్నది ఒక్క మనిషికే, పెళ్లి కుదిరిన కొత్తలో. పప్పు వేసి, నెయ్యి వేసి, ఎదురుగా కూర్చుని తను కూడా తింది. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. నాలుగు వారాలుగా ఆయన ఆ మౌనాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూస్తున్నాడు, కోపమా, జాలా, అసహ్యమా, ఏదీ తేలడం లేదు. ఎవరైనా తిడితే బాగుండును.

ఇంకొక సంగతి ఉంది, దాన్ని ఎవరికీ చెప్పుకోలేడు. అప్పటినుంచీ ఆయనకి ప్రార్థన కుదరడం లేదు. కళ్లు మూసుకుంటే ముప్పై ఒక్క ఏళ్లుగా వస్తున్న ఆ పందిరే వస్తుంది, వాన వస్తుంది, పెట్రోమాక్సు బుస వినిపిస్తుంది, తీరా మోకాళ్ల మీద ఉన్నవాడు మాత్రం తను కాదు. సూటు వేసుకుని, టై కట్టుకుని, ఈ కాగితం మీది నవ్వే నవ్వుకుంటూ ఆ పెద్దమనిషి ఉంటాడు ఆ బురదలో. లెమ్మంటే లేవడు. తను బయట వానలో నిలబడి చూస్తుంటాడు. ఇంతకీ ఆయన తప్పేముంది పాపం, ఆయన అడిగాడా? ఆయన మాటలు రాసిపెట్టేవాళ్లు ఎందరో ఉన్నారు, వాళ్లంతా తనలాంటి తర్జుమావాళ్లే, జీతం తీసుకుని చేస్తారు, తను జీతం లేకుండా చేశాడు. ఆగస్టు నుంచీ ఆ మొహంలో ఏదో దాగుందని వెతికాడు. దాచినవాడు తను. ఈ మాట తట్టగానే రత్నరాజు కాగితాలు కింద పడకుండా రెండు చేతులా పట్టుకున్నాడు. ఏమైంది రాజ్ అంది డోరతీ. చలి అన్నాడు. ఇదీ అబద్ధమే, ఎంత తేలిగ్గా వస్తున్నాయి.

చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. సాయంత్రానికి లెక్కలు వస్తాయి, ఒక ఓటు అటో ఇటో ఎవరికీ కనపడదు. ఆమె సంతోషంగా వేసి వెళ్లి పడుకుంటుంది. రేపు ఆయన గెలిచి ఏ పన్నో పెంచితే, ఏ మాటో మారిస్తే, మారుమనస్సు పొందిన మనిషి ఇలా చేశాడేమిటి అన్నయ్యగారూ అని అడుగుతుంది, అప్పుడు ఇంకొక తర్జుమా చెయ్యాలి. చెబితే? నమ్మి నమ్మి ఒక్క మనిషిని నమ్మిందామె ఈ దేశంలో. ఆ నమ్మకాన్ని ఏజెంటు పాడుచేశాడు ఒకసారి, రెండోసారి తను. ఓటు పోతే పోయింది, అదొక పక్కకి పెట్టు, ఆమెకి తన మాట మిగలాలి, అదే కావాలి. చెబితే మిగులుతుందా, చెప్పకపోతే మిగులుతుందా? ఏడూ యాభై ఆరు. తెల్ల బూట్లు, నీలం కోటు, కారు తాళం వేసి రెండుసార్లు లాగి చూసుకుని, విమలకుమారి నడిచి వస్తోంది.

చలికి బిగుసుకుపోయారే అన్నయ్యగారూ అంటూ వచ్చి, డోరతీకి గుడ్‌మార్నింగ్ చెప్పి, చెయ్యి చాపింది. రాత్రి ఇద్దరు పేషెంట్లు నిద్రపోనివ్వలేదట, అయినా నిద్ర రావడం లేదట, ఇవాళ తనకి పండగలా ఉందట. రత్నరాజు కాగితం ఇవ్వలేదు.  తయారుచేసుకున్న వాక్యాల్లో ఒక్కటీ రాలేదు.

"విమలా, ఆ ఉత్తరంలో సాక్ష్యం లేదమ్మా. అది నేను కల్పించి చదివాను."

ఆమె చాపిన చెయ్యి అలాగే ఉంది. జ్వరం చూసే నర్సులా ఆయన మొహంలోకి చూసింది. ఆఖరి నిమిషంలో ఎవరో ఏదో చెప్పి మీ మనసు విరిచారు, ఈ ఎలక్షన్లలో ఇలాంటివి మామూలట అంది. కాదన్నాడు. ఉత్తరం ఇంట్లో ఉంది, లూసీని చదివి చెప్పమంటాను అన్నాడు. అప్పుడు ఆమె తల అడ్డంగా ఊపింది.

"నేను ముందు వరసలో ఉన్నాను. మీ గొంతు వణికింది. కల్పించి చెప్పేవాళ్లని నేను చూశాను అన్నయ్యగారూ, వాళ్ల గొంతు అలా వణకదు. అది జరిగిన మాటే."

"జరిగిన మాటే," అన్నాడు రత్నరాజు. "నాకు జరిగింది."

అనగానే ఎంత తేలికయ్యిందో ఛాతీ. ఇక ఈమెకి అర్థమవుతుంది, తను ఆమెకిచ్చింది దొంగ సొత్తు కాదనీ, తన దగ్గరున్నవాటిలో అన్నిటికన్నా నిజమైనదే ఇచ్చాడనీ, పేరు మాత్రమే తప్పనీ. ఆమె చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుని కోటు జేబులో పెట్టుకుంది. ఎవరో వచ్చి డోరతీ దగ్గర కాగితం తీసుకుని వెళ్లారు. ఆమె కదల్లేదు, ఇంకా ఆయన్నే చూస్తోంది. ఆ చూపు ఆయనకి కొత్తగా లేదు. సహవాసంలో కుర్చీలో కూర్చుని, ఎదురుగా నిలబడ్డవాణ్ణి తను చూసే చూపు అది.

"మీకెప్పుడు జరిగింది? ఏ తేదీ?" అంది.

రత్నరాజు నోరు తెరిచాడు. ఏప్రిల్ పద్నాలుగు అన్నాడు. అది పలుకుతుంటే తన చెవికే ఎక్కడో విన్న మాటలా ఉంది. మట్టల ఆదివారం. వాన. డేరా, కాదు, డేరా కాదు, పందిరి, తాటాకు పందిరి. చెప్పేకొద్దీ పాఠం అప్పజెప్పే పిల్లవాడి గొంతవుతోంది, వణుకుదామన్నా వణకడం లేదు. ఆ వాక్యం చెబుదామని చూస్తే, అదీ నోటుబుక్కులో ఆమె చేతిరాతతో ఉందని గుర్తొచ్చింది, వేరే మనిషి పేరు కింద. కొత్తది ఒక్కటి, ఆ రోజు అందరి ముందూ వాడేయనిది ఒక్కటి, ఇది నాదే అని చూపించడానికి చాలినంతది ఒక్కటి దొరికితే బాగుండునని లోపలంతా తడుముకున్నాడు. బురదలో ఆ పెద్దమనిషే ఉన్నాడు.

"ఇందులో నన్ను ఏది నమ్మమంటారు?" అంది విమలకుమారి. గొంతులో కోపం లేదు, నిజంగానే అడిగింది, జవాబు కోసం కాస్త ఆగింది కూడా. ఆ తర్వాత కాగితం అడగకుండానే పక్కనుంచి నడిచి వెళ్తూ, "వస్తానండీ" అంది. అన్నయ్యగారూ అనలేదు.